ఏడు బదులు ఒకటి

ప్రెస్సు నుంచి,
సోమవారం, వాన వెలిశాక

అక్కకి,

ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అంటావు. నేను అరిస్తే వీధంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే మళ్ళీ ఉత్తరం. కాగితం చూసి ఏమీ అనుకోకు, ఎప్పటిలాగే పాడైన అచ్చుకాగితాల వెనకవైపు రాస్తున్నాను. దీని వెనక ఉన్నది ఎవరిదో చెప్పుల దుకాణం ప్రకటన. చదవక్కర్లేదు.

సంగతేంటంటే మాకో కుక్క దొరికింది. మొన్న శనివారం ఉరుములు ఉరిమినప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో, వాన తగ్గాక చూస్తే ప్రెస్సు మెట్ల మీద వణుకుతూ కూర్చుంది. గోధుమరంగు. ముందు కుడికాలు ఒక్కటే తెల్లగా, మేజోడు తొడిగినట్టు ఉంటుంది. మెడ చుట్టూ బొచ్చు కాస్త అరిగింది కానీ బెల్టు లేదు. కుక్కతోక వంకర అంటారు గానీ దీని తోక అచ్చంగా కామానే. అందుకని కామా అని పిలుస్తున్నాను. పలకదనుకో.

నీ మరదలు దాన్ని చూడగానే కరిగిపోయింది. అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది కదా. నాకేం పట్టింపు లేదు, ఆవిడ ముచ్చటపడుతోంది.

ఒకటే బాధ. ఏం పెట్టినా తినడం లేదు. గిన్నె ముందు కూర్చుని మన మొహంలోకి చూస్తుంది, అంతే. పాలు, బ్రెడ్డు, ఉడికించిన మాంసం, అన్నీ అయ్యాయి. జంతువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళ నుంచి చీటీలు రాస్తున్నదానివి, నీకు తెలియనిదేముంది. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

నీ తమ్ముడు


ఆస్పత్రి, చీటీల కౌంటరు,
గురువారం

ఒరే తమ్ముడూ,

దొరికిన కుక్కకి పేరు పెట్టడం అన్నిటికన్నా ఆఖరిపని. నువ్వు దాంతోనే మొదలుపెట్టావు.

మెడ బొచ్చు అరిగిందంటే బెల్టు ఉండేదన్నమాట. బెల్టు ఉండేదంటే కట్టిన మనిషి ఉన్నాడన్నమాట. ముందు మీ దగ్గర జంతువుల డాక్టరుకి చూపించు. కొన్నిటికి చర్మం కింద గింజంత చిప్పు పెడతారు, మెషీను ఆనిస్తే ఇంటివాళ్ళెవరో తెలుస్తుంది. తర్వాత తాడు కట్టి, దొరికిన చోటు నుంచి పొద్దునా సాయంత్రం నడిపించు. నువ్వు లాగకు, దాన్నే లాగనివ్వు. దాని ఇల్లు అదే చూపించవచ్చు. ఇక నోటీసు వెయ్యమని నీకు నేను చెప్పాలా, ప్రెస్సు పెట్టుకున్నవాడికి? అందులో తెల్లకాలు సంగతి మాత్రం రాయకు. నాది అంటూ వచ్చినవాణ్ణి ఆ గుర్తు చెప్పమను. చెప్పగలిగితే వాడిది.

తిండి విషయం. కొంతమంది కుక్కకి గిన్నె పెట్టి ఏదో ఒక మాట అంటారు. ఆ మాట వింటే గానీ ముట్టకుండా అలవాటు చేస్తారు. ఆ మాటేదో దాని మనిషికే తెలుస్తుంది. అందుకని మాంసం ఉడికించడం ఆపి మనిషిని వెతుకు.

ఇక్కడికి రోజూ ఎవరో ఒకరు ఫొటో పట్టుకుని వస్తారు. ఫొటో నా చేతికిచ్చి, నేను చూస్తున్నంతసేపూ నా మొహంలోకే చూస్తారు. లేదండీ, రాలేదండీ అని చెప్పడం ఇన్నేళ్ళయినా నాకు అలవాటు కాలేదు.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


ప్రెస్సు నుంచి,
మూడు వారాల తర్వాత, శుక్రవారం

అక్కకి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. పని తలకు మించి ఉంది.

కామా ఇప్పుడు శుభ్రంగా తింటోంది. ఎలా అంటే ఏం చెప్పను, జంతువులకీ మనకీ ఒక్కోసారి కుదిరిపోతుంది. బొచ్చు నిగనిగలాడుతోంది. డాక్టరు దగ్గర మెషీను పాడైందిట, బాగయ్యాక చూద్దాంలే. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. వచ్చినా నీ మరదలు వదిలేటట్టు లేదు.

సాయంత్రం నేను వీధి మలుపు తిరిగానో లేదో గేటు అవతల దాని గోళ్ళ చప్పుడు మొదలవుతుంది. దాన్ని వింటే మన నల్లోడు గుర్తొస్తాడు. నాకు ఎనిమిదేళ్ళు, నీకు పద్నాలుగు. నేను గేటు గడియ పెట్టడం మర్చిపోయి వాణ్ణి పోగొట్టాను. ఆ రోజు నుంచి తాళాలూ గడియలూ మూడేసి సార్లు లాగి చూస్తాను. ప్రూఫులూ మూడుసార్లే చదువుతాను. ఈ ప్రెస్సులో ఇన్నేళ్ళలో ఒక్క అచ్చుతప్పు రాలేదంటే ఆ గడియ చలవే. పోయినవాడు ఇన్నాళ్ళకి ఇలా తిరిగొచ్చాడేమో అనిపిస్తోంది. నవ్వకు.

నీ తమ్ముడు


ఆస్పత్రి,
బుధవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండువైపులా చదివాను.

మూడుసార్లు చూసేవాడివి, ఈసారి కాగితం వెనక్కి తిప్పి చూడలేదా? చెప్పుల ప్రకటన కాదురా అది. సిరా ఒక పక్కకి అలుక్కుపోయింది కానీ ప్రతి అక్షరం కనబడుతోంది. నువ్వే అచ్చేశావు, అయినా నీకోసం మళ్ళీ రాస్తున్నాను.

"మా కుక్క తప్పిపోయింది. పేరు దొర. గోధుమరంగు. తోక చుట్టుకుని ఉంటుంది. ఉరుముకి బెదిరి బెల్టు తెంపుకుని పోయింది. ఉరిమితే తలుపు వెనక దాక్కుంటుంది, దయచేసి కసరకండి. తిండి పెడితే తినదు. ‘తిను’ అని చెప్పాలి. ఒక్కసారి చెప్తే చాలు."

కాగితానికి ముందువైపు కామా శుభ్రంగా తింటోందని నీ చేతిరాత. వెనకవైపు దానికి ఎలా తినిపించాలో ఒక మనిషి వేడుకోలు. ఆయన తన కుక్క ఆకలితో చచ్చిపోతుందేమోనని ఆ మాట ఊరందరికీ చెప్పుకుంటే, నువ్వు దాన్ని దొంగతాళంలా వాడుకున్నావు.

ఇంకో సంగతి. నాకు వినపడదు కాబట్టి మా కాంపౌండరు చేత నోటీసు అడుగున ఉన్న నంబరుకి ఫోను చేయించాను. ఎవరో కుట్టుపని చేసే ఆవిడ ఎత్తింది. కుక్క తనది కాదనీ, నంబరులో ఒక అంకె తప్పు పడిందనీ, కాగితం అడుగున ప్రెస్సు పేరు చూసి వచ్చి నీతో చెప్పాననీ అంది. ఎవరెవరు ఎక్కడ చూశామన్నారో ఒక నోటుపుస్తకంలో రాసి, ఆయనకి అందించమని నీకే ఇచ్చిందట. ఆ పుస్తకం ఏ సొరుగులో ఉందిరా?

మొదటిసారి అచ్చుతప్పు దొర్లింది, సరే, మనిషన్నాక దొర్లుతుంది. తెలిశాక దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నావే, అది నాకు మింగుడుపడటం లేదు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి ఇచ్చెయ్యి.

అక్క


ప్రెస్సు నుంచి,
సోమవారం

అక్కకి,

ఈసారి తెల్లకాగితమే. తిప్పి చూసుకోవచ్చు.

నువ్వు ఆస్పత్రిలో కూర్చుని తీర్పు చెప్పేశావు. నా మాట కూడా విను. మా ప్రెస్సులో గోడ మీద బోర్డు ఉంది: "ప్రూఫు మీద సంతకం అయిన తర్వాత తప్పులకు మా బాధ్యత లేదు." అన్ని ప్రెస్సుల్లోనూ ఉంటుంది. ఆయనకి ప్రూఫు చూపించాను. ఆయనే సంతకం పెట్టాడు. ఇంట్లో కుక్కని దాచుకోవడం తప్పే, కాదనను. అంకె సంగతి మాత్రం నా నెత్తిన రుద్దకు.

నీ మరదలికి ఆ కుక్కే లోకం అయిపోయింది. ఆవిడ మొహం చూసి నోరు రాక ఊరుకున్నాను. ఇచ్చెయ్యమని రాయడం తేలిక. ఇచ్చేసి వచ్చాక ఆవిడ ఎదురుగా కూర్చోవలసింది నేను.

కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకపోయినా పర్లేదు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
అదే వారం, శనివారం

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడికి తెలియకుండా రాస్తున్నాను. మీ ఉత్తరం చొక్కా జేబులో దొరికింది. చదవకూడదు, చదివాను. అందులో అడిగినవాటికి ఆయన ఏం జవాబు రాశారో నేను ఊహించగలను. కుక్కని వదలనిది నేనని రాసి ఉంటారు. మా ఇంట్లో కూర మాడినా, కరెంటు పోయినా, చుట్టాలింటికి వెళ్ళకపోయినా అన్నిటికీ నేనే కదా.

వదినా, మొదటివారమే నేను అడిగాను, ఎవరిదో ఏమో, కనుక్కోండి అని. కనుక్కుంటున్నా అన్నారు. ఆ తర్వాతి సోమవారం ప్రెస్సు నుంచి త్వరగా వచ్చారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా గిన్నె నింపి, దాని ముందు గొంతుకూర్చుని "తిను" అన్నారు. అది గిన్నె ఖాళీ చేసేసింది. ఆయన ఏడ్చారు. నేనూ సంతోషపడ్డాను. ఎలా తెలిసిందని అడిగితే, ఊరికే అన్నాను, తినేసింది అన్నారు. నేను నమ్మాను. నమ్మాలనిపించింది.

పోయిన ఆదివారం బజారు నుంచి వస్తూ ఒక గోడ దగ్గర ఒక పెద్దాయన్ని చూశాను. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారట, తర్వాత తెలిసింది. గోడ మీద కాగితం అంటించి ఉంది. ఆయన బాల్‌పెన్నుతో దాని మీద ఏదో దిద్దుతున్నారు. నిలువుగోడ మీద పెన్ను రాయదు కదా, రెండు గీతలు గీసి, పెన్ను విదిలించి, మళ్ళీ గీస్తున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే మా ఇంట్లో ఉన్న కుక్క గురించే. నంబరులో ఒకటిని ఏడు చేస్తున్నారు. పక్క గోడ మీదా దిద్ది ఉంది, ఆ పక్క స్తంభం మీదా దిద్ది ఉంది. అన్నీ చేత్తోనే, ఒక్కొక్కటీ. రెండు వందలు అచ్చు వేయించారట.

ఆయన నన్ను చూసి, అమ్మా, గోధుమరంగుది ఎక్కడైనా కనిపించిందా అని అడిగారు. లేదండీ అన్నాను. అని, గొడుగు మొహానికి అడ్డంగా దించుకుని వచ్చేశాను. తలకొట్టేసినట్టయింది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ పెన్ను విదిలించడమే కనబడుతోంది.

మర్నాడు ప్రెస్సుకెళ్ళాను. అచ్చుకి వచ్చినవాళ్ళు రాసిచ్చిన కాగితాలన్నీ ఆయన ఒక మేకుకి గుచ్చి ఉంచుతారు, మీకు తెలుసుగా. అందులో డ్రైవరుగారిది తీసి చూశాను. పెద్ద పెద్ద అక్షరాలు. ఏడుకి నడుం మీద అడ్డగీత కూడా ఉంది. గుడ్డివాడు తడిమినా ఒకటి అనుకోడు. అది పొరపాటున పడ్డ తప్పు కాదు వదినా.

ఆయన్ని ఇంకా అడగలేదు. అడిగితే మళ్ళీ అబద్ధం చెప్తారు, అప్పుడు ఆ అబద్ధంతో నేను కాపురం చెయ్యాలి. మీరు రాయండి. మీ మాట వింటారు.

మీ మరదలు


ఇంటి నుంచి,
మంగళవారం

తమ్ముడూ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఈసారి తిట్టడానికి కాదు, నాకా అర్హత లేదు.

నల్లోడు పోయిన రోజు గుర్తు తెచ్చుకో. మధ్యాహ్నం, అమ్మ పడుకుంది. నువ్వు గేటు దగ్గర బంతి ఆడుకుని లోపలికొచ్చావు. గడియ పెట్టావు. నేను కిటికీలోంచి చూశాను. అందక కాలివేళ్ళ మీద నిలబడి పెట్టావు.

తర్వాత నేను బయటికెళ్ళాను. ఒక ఉత్తరం పోస్టుడబ్బాలో వెయ్యాలి. ఎవరికని అడక్కు, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు ప్రాణం. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో పరుగెత్తి వెళ్ళి పరుగెత్తి వచ్చాను. వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. గడియ తీసిందీ నేనే, పెట్టనిదీ నేనే.

సాయంత్రం నాన్న బెత్తం తీసుకుని అడిగారు. "పెట్టాను నాన్నా" అన్నావు నువ్వు. ఒక దెబ్బ. "పెట్టాననే అనుకుంటున్నా నాన్నా." ఇంకో దెబ్బ. చివరికి, "పెట్టలేదేమో నాన్నా" అన్నావు. నేను తలుపు వెనకే ఉన్నాను. అనేదాకా ఊరుకున్నాను. నువ్వు ఒప్పుకోగానే, అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. ఎనిమిదేళ్ళవాడు దెబ్బలకి ఒప్పుకోవడం వేరు. నువ్వు అప్పటి నుంచి నిజంగానే నమ్మావు. పెళ్ళయ్యాక కూడా తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తుంటే నీ భార్యతో కలిసి నేనూ నవ్వాను. నవ్వానురా. అది నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

చెప్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. నాన్న పోయినప్పుడు చెప్దామనుకున్నాను, అమ్మ పోయినప్పుడూ అనుకున్నాను. ఇన్నాళ్ళు చెప్పనిదాన్ని ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నీ మేకుకి గుచ్చిన కాగితంలో ఏడు ఏడులాగే ఉందని నాకు తెలిసింది. ఎలా తెలిసిందని ఇంట్లో ఎవర్నీ నిలదీయకు. ఆ పెద్దాయన ఊరంతా తిరిగి ఆ తప్పుని తన పెన్నుతో దిద్దుకుంటున్నాడట.

కుక్కని ఇవ్వమని ఈసారి రాయను. నువ్వు చెయ్యని తప్పుని ఇన్నేళ్ళు మోశావు. ఆ బరువు నీకు తెలుసు.

అక్క


ప్రెస్సు నుంచి,
ఆదివారం

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి నాలుగు రోజులు కోపంతో ఏ పనీ చెయ్యలేదు. నీ మీద కోపం ఇంకా పోలేదు. పోతుందో లేదో తెలీదు. నేను గడియ పెట్టానన్న సంగతి నా ఒంటికి తెలుసక్కా, ఆ ఇనుము చల్లదనం వేలికి గుర్తుంది. కలగన్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

నా సంగతి కూడా పూర్తిగా రాస్తాను. కుక్క నీ మరదలి కోసం కాదు. నాకోసం. నేను ఇంటికి వస్తున్నానని అంతగా సంతోషించింది ఈ మధ్య ఎవరూ లేరు. వేరే కారణం ఏదీ లేదు. ఇది రాస్తుంటే కూడా మొహం వేడెక్కుతోంది.

ఆ రోజు డ్రైవరుగారు కాగితం పట్టుకుని వచ్చి, నేను చదువుతుంటే నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. నువ్వు రాసినట్టే. తోక దగ్గరికి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. తెల్లకాలు సంగతి కాగితంలో లేదు. నేనే అడిగాను, ఇంకేమైనా గుర్తు ఉందా అని. "కుడికాలు తెల్లగా ఉంటుందండీ, అది కావాలనే రాయలేదు" అన్నారు. చెప్పగలిగితే వాడిది అన్నావు నువ్వు. నీ ఉత్తరం అప్పుడు నా బల్ల మీదే ఉంది.

కంపోజు చేస్తూ ఏడు బదులు ఒకటి కొట్టాను. ప్రూఫు ఇచ్చాను. చూసి పట్టుకుంటే కుక్కని ఇచ్చేద్దాం, దేవుడే నిర్ణయిస్తాడు అనుకున్నాను. నా దొంగతనానికి దేవుణ్ణి కూడా తోడు తెచ్చుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మీ దగ్గర తప్పులుండవంటారుగా, నేను చూసేదేముంది అని సంతకం పెట్టేశారు. ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు అంతా ఆ ఒక్క అంకెకి ఖర్చయింది.

ఇవాళ పొద్దున వెళ్ళాను. నీ మరదలు మలుపు దాకా తాడు పట్టుకుని వచ్చి, అక్కడ నా చేతికిచ్చి ఆగిపోయింది. ఆ వీధిలోకి తిరగగానే అది నన్ను లాక్కుపోయింది. నేను ఇంటి నంబరు చూసుకోవలసిన అవసరమే రాలేదు.

ఆయన గేటు దగ్గరికి వచ్చి నిలబడిపోయారు. అది ఆయన కాళ్ళ చుట్టూ తిరిగీ తిరిగీ కూలబడింది. ఆయన నా చేతులు పట్టుకున్నారు. కుక్కని తెచ్చిన మహానుభావుణ్ణి కదా మరి. ఆపైన, మీకు ఎలా మొహం చూపించాలో తెలియక ప్రెస్సుకి రాలేదండీ, నా రాత మొదటి నుంచీ అంతే, ఏడు వేస్తే ఒకటిలా ఉంటుంది, నా మూలాన మీ ప్రెస్సుకి మాట వచ్చింది, ఏమీ అనుకోకండి అన్నారు. నా దగ్గర ఆయన తప్పు ఒప్పుకుంటున్నారక్కా. "పెట్టలేదేమో నాన్నా" అన్న గొంతు అది.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కాఫీ ఇచ్చి పంపేవారు.

జేబులోంచి ఆయన కాగితం తీసి చూపించాను. "మీ ఏడు ఏడులాగే ఉందండీ. ఒకటి వేసింది నేను. కావాలనే వేశాను. మొదటి రోజు నుంచీ ఇది మా ఇంట్లోనే ఉంది." కుట్టుపని ఆవిడ ఇచ్చిన నోటుపుస్తకం కూడా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కాగితం అందుకున్నారు. ఏడు మీది అడ్డగీతని వేలితో తడిమారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు.

"తిందా?" అని అడిగారు.

"తింది. మీరు రాసిన మాట చెప్తే."

ఆయన లోపలికెళ్ళి గిన్నె తెచ్చి పెట్టారు. అది గిన్నె ముందు కూర్చుని, తల తిప్పి నా మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళ అలవాటు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆయన దాని పక్కకి వంగారు.

"తిను" అన్నారు.

తింది. ఆ తర్వాత ఆయన నా కేసి చూడలేదు. కూర్చోమనలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి, అది తింటున్నంతసేపూ అక్కడే వంగి ఉన్నారు. నేను కదిలేటప్పుడు ఒక్క మాట అన్నారు.

"గేటు వేసి వెళ్ళండి."

వేశాను. గడియ పడిందో లేదో ఒక్కసారే చూశాను.

నీ తమ్ముడు